కిలో ఇసుకలో రెండు కిలోల బంగారం

ఆ రోజు చిన్నసారు పెట్టుకున్న పని నిజానికి చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళే దారిలో కంసాలి కొట్టు దగ్గర ఆగి, అత్తగారి ఉంగరం ఇచ్చి, కాస్త వదులు చేయించి సాయంత్రానికి ఇంటికి తేవాలి. అంతకు మించి ఏమీ లేదు. కాకపోతే ఇంత చిన్న పనిని అతను ఇప్పటికే చాలాసార్లు మర్చిపోయాడు. మర్చిపోయినప్పుడల్లా ఇంట్లో దాని సైజు పెరుగుతూ వచ్చి, ఆ ఉదయానికి కొండంత అయి కూర్చుంది.

అత్తగారు మర్నాడు తన ఊరు వెళ్ళిపోతోంది. ఆ ఉంగరం మామగారు తన మొదటి జీతంతో ఆవిడకు కొనిపెట్టింది. సన్నటి బంగారపు తీగ, మధ్యలో కందిగింజంత ఎర్రరాయి. ఆయన పోయిన తర్వాత ఆవిడ వేళ్ళు లావెక్కాయి, ఉంగరం వేలికెక్కడం మానేసింది. అయినా పెట్టెలో పెట్టడానికి మనసొప్పక, పర్సులో వేసుకుని వెంట తిప్పుకుంటోంది. వచ్చిన రోజే అల్లుడి చేతిలో పెట్టి, "బాబూ, తొందరేం లేదు, నీ వీలు చూసుకుని చేయించు," అంది. తొందర లేదన్న మాటను మన చిన్నసారు మనస్ఫూర్తిగా నమ్మాడు.

"ఈసారి జేబులో వెయ్యకండి," అంది భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడి. "జేబులో వేస్తే చొక్కాతో పాటు బకెట్లోకి పోతుంది. వేలికి పెట్టుకోండి. కనబడుతుంటే గుర్తుంటుంది."

"ఆడవాళ్ళ ఉంగరం నేనెలా పెట్టుకుంటానే?"

"చిటికెన వేలికి పడుతుంది. ఎవరైనా అడిగితే మా అత్తగారిదని చెప్పండి, పరువేం పోదు. ఇవాళ కూడా మర్చిపోయారనుకోండి, రేపు అమ్మతో పాటు నేనూ బండెక్కుతాను."

"నువ్వూరుకోవే," అంది అత్తగారు లోపల్నుంచి. "బాబు మర్చిపోడులే." ఆ మాట చిన్నసారుకు భార్య బెదిరింపు కన్నా ఎక్కువ బరువనిపించింది. ఉంగరం చిటికెన వేలికి తొడుక్కుని, దాన్నే చూసుకుంటూ బయల్దేరాడు. కంసాలి కొట్టు తలుపులు అప్పుడే తీస్తున్నాడు. "పొయ్యి ఇంకా అంటుకోలేదండి. మధ్యాహ్నం రండి, మీరు నిలబడి ఉండగానే చేసిచ్చేస్తా," అన్నాడు. అలా ఆ ఉంగరం చిన్నసారుతో పాటు ల్యాబుకు వచ్చింది.

చిన్నసారు పనిచేసేది మట్టి పరీక్షలు చేసే ల్యాబులో. ఊరి చుట్టుపక్కల ఏ పొలం మట్టయినా, ఏ చెరువు బురదైనా అక్కడికే వస్తుంది. అందులో సీసం ఎంత, రాగి ఎంత, ఇంకా పేరు పలకలేనివి ఎంతెంత అన్నది వాళ్ళు తేల్చాలి. మట్టి ఊరికే అడిగితే చెప్పదు. దాన్ని ఎండబెట్టి, దంచి, జల్లెడపట్టి, చిటికెడు గాజు ట్యూబులో వేసి, పైన రెండు ఘాటైన యాసిడ్లు కలిపి పోసి, గుంటలున్న ఇనప దిమ్మలాంటి పొయ్యిలో పెట్టి పూటంతా ఉడికించాలి. మనం తిన్నది కడుపులో అరిగినట్టు మట్టి ఆ యాసిడ్లో అరిగి, దాక్కున్న లోహాలన్నీ బయటికి దిగొస్తాయి. ఆ యాసిడ్ల జంట సామాన్యమైంది కాదు. విడివిడిగా దేనికీ లొంగని బంగారం కూడా ఆ రెండూ కలిశాయంటే ఆనవాలు లేకుండా కరిగిపోతుంది.

ట్యూబుల వరసలో చివరిది మాత్రం ఖాళీగా ఉంచుతారు. దాన్ని బ్లాంక్ అంటారు. అందులో మట్టి వెయ్యరు గానీ, మిగతా వాటితో పాటు దానికీ యాసిడ్ పోస్తారు, దాన్నీ ఉడికిస్తారు. యాసిడ్లోనో గాజులోనో ముందే ఏదైనా మలినం ఉంటే దాన్లో తెలిసిపోతుంది. బ్లాంక్‌లో ఎంత వస్తే అంత, మిగతా అన్ని ట్యూబుల లెక్కలోంచీ తీసెయ్యాలి. ఎందుకు, ఏమిటి అని అడగకుండా తీసెయ్యాలి. ఆ నియమం పెట్టింది ల్యాబుకు అధికారి అయిన పెద్దసారు. ఆయన పెట్టిన నియమాలను ఆయనే మార్చలేడు, అంత గట్టిగా పెడతాడు.

నగలు పెట్టుకుని ల్యాబులో పని చెయ్యకూడదన్నది కూడా ఆయన నియమమే. తలుపు మీద ఆయన సంతకంతో నోటీసు ఉంది. తీసిన నగలు ఎక్కడ పెట్టాలో మాత్రం అందులో రాయలేదు. కోటు జేబులకు యాసిడ్ చుక్కలు పడి చిల్లులు. బీరువా తాళాలు ఆ ఆవిరికి తుప్పుపట్టి, పడితే రావు, వస్తే పడవు. అందుకని ఏళ్ళ తరబడి అక్కడివాళ్ళకు ఒక అలవాటు అబ్బింది. ఉంగరం తీసి బ్లాంక్ ట్యూబులో వేస్తారు, యాసిడ్ పోసేముందు తీసుకుంటారు. శుభ్రంగా కడిగిన గాజు, బయటికి కనబడుతుంది, దాని జోలికి ఎవరూ రారు. ఉంగరం వేసిన మనిషే యాసిడ్ కూడా పోసినంతకాలం ఆ పద్ధతికి వంక పెట్టడానికి లేదు.

చిన్నసారు కూడా అదే చేశాడు. ఆ రోజు పరీక్షకు వచ్చింది ల్యాబు వెనకాలే ఉన్న చెరువు. అడుగు బురద, ఒడ్డు బురద, మెట్ల దగ్గర ఇసుక, అన్నీ తూచి ట్యూబుల్లో వేసి, ఉంగరం తీసి చివరి ట్యూబులో జారవిడిచాడు. అంతలో ఫోను మోగింది. ల్యాబులో సిగ్నలు సరిగ్గా అందదు కాబట్టి వరండాలోకి పరిగెత్తాడు.

"ఇచ్చారా?" అంది భార్య.

"మధ్యాహ్నం రమ్మన్నాడు."

"ఇప్పుడెక్కడుంది మరి?"

"భద్రంగా ఉంది. బ్యాంకు లాకర్లో కూడా అంత భద్రంగా ఉండదు."

ఆ తర్వాత అత్తగారు ఫోను తీసుకుని, రాయి కదలకుండా చూడమని చెప్పి, మామగారు ఆ రాయిని ఎంత బేరమాడి కొన్నారో మొదట్నుంచి మొదలుపెట్టింది. ఆ కథ పూర్తయి లోపలికి వెళ్ళబోతుండగా మీటింగు గంట కొట్టారు. పెద్దసారు మీటింగంటే ఆలస్యంగా వెళ్ళేవాడికి మొదటి వరస కుర్చీ శిక్ష. యాసిడ్ పోసేది తనే కదా, తను లేకుండా ఏమవుతుందని చిన్నసారు నేరుగా మీటింగు గదిలోకి నడిచాడు.

తీరా పెద్దసారే ఆలస్యంగా వచ్చాడు. కుడిచేత్తో కళ్ళద్దాలు సర్దుకుంటూ, ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. విషయం: ల్యాబులో నగలు ధరించడం వల్ల కలిగే అనర్థాలు.

"మనిషికి నగ మీద మోజు ఉండొచ్చు. కానీ యాసిడ్‌కి మొహమాటం ఉండదు," అన్నాడాయన. జేబులో చెయ్యి అటూ ఇటూ కదిలింది. "మీలో ఇంకా కొందరు ఉంగరాలతో వస్తున్నారు. ఎక్కడెక్కడో పెడుతున్నారు. తర్వాత వెతుక్కుంటున్నారు. ఇది పద్ధతేనా అని అడుగుతున్నాను."

చిన్నసారు చిటికెన వేలిని బల్ల కిందికి లాక్కున్నాడు. ఉపన్యాసం సాగింది. తేనీరు వచ్చి చల్లారింది. పూటంతా అయ్యాక పెద్దసారు చివరి మాటగా అన్నాడు: "చెరువు పని రేపటికి పడకూడదని నేనే ఒక చెయ్యి వేసి వచ్చాను. వరసంతా యాసిడ్ పోసి పొయ్యి మీద పెట్టేశాను. ఇలాంటి చిన్న పనులు కూడా నేనే చెయ్యాలంటే ఎలాగయ్యా?"

చిన్నసారు దిగ్గున లేచి నిలబడ్డాడు. "వరసంతా అంటే... చివరిదానికి కూడానా సార్?"

"బ్లాంక్‌కి పొయ్యకుండా ఎలా వదిలేస్తానయ్యా? ఎన్నేళ్ళ చెయ్యి ఇది."

కుర్చీ వెనక్కి పడినా చూసుకోకుండా చిన్నసారు ల్యాబులోకి పరిగెత్తాడు. పొయ్యి దిమ్మలో ట్యూబులన్నీ బుడబుడమంటున్నాయి. బ్లాంక్‌లో నీళ్ళలా తేటగా ఉండాల్సిన యాసిడ్ బంగారు పసుపు రంగులో మెరుస్తోంది. అడుగున కాస్త తెల్లటి మడ్డి. తీగ లేదు. రాయీ లేదు. కెంపయితే యాసిడ్‌లో కరగదు. కరిగిందంటే అది రంగు పూసిన గవ్వముక్కయి ఉండాలి, పాపం మామగారిని కొట్టువాడు నిలువునా మోసం చేశాడన్నమాట అని ఆ ఆపదలో కూడా అతనికి జాలేసింది. తర్వాత తన మీద తనకు జాలేసింది. బాబు మర్చిపోడులే అన్న అత్తగారి మొహం కళ్ళముందు కదిలితే అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

కాసేపటికి చదువు గుర్తొచ్చింది. బంగారం కరిగింది గానీ పోలేదు. ఆ ట్యూబులోనే ఉంది. చల్లార్చి, తగిన పొడి వేస్తే బంగారమంతా మళ్ళీ గోధుమరంగు మడ్డిలా అడుగుకు దిగుతుంది. కడిగి ఆరబెట్టి కంసాలికిస్తే కరిగించి కొత్త ఉంగరం చేస్తాడు. రాయి సంగతి తర్వాత ఏడవచ్చు. ముందు ట్యూబు తన చేతికి రావాలి. పట్టకారుతో దాన్ని మెల్లగా పైకి తీశాడు.

"దాన్నెక్కడికి తీసుకెళ్తున్నావయ్యా?" పెద్దసారు వెనకే నిలబడి ఉన్నాడు, చెయ్యి జేబులోనే.

"బ్లాంక్ కాస్త... తేడాగా ఉంది సార్. ఇంకోటి పెడదామని."

పెద్దసారు ట్యూబును వెలుతురుకు పట్టి చూశాడు. "బ్లాంక్‌కి రంగు ఉంటుందా?"

"ఉండదు సార్."

"దీనికి ఉందా?"

"ఉంది సార్."

"అంటే ఇది బ్లాంక్ కాదు. నువ్వు చీటీలు తారుమారు చేశావు." వరసలో ఉన్న ట్యూబులన్నీ వంగి పరీక్షించి, అన్నిటికన్నా పల్చగా ఉన్నదాన్ని పట్టుకున్నాడు. అది మెట్ల దగ్గరి ఇసుక. "ఇదీ అసలు బ్లాంక్. చూడు, ఎంత తేటగా ఉందో. ఆ పచ్చది మెట్ల దగ్గరి ఇసుక." రెండింటి చీటీలు తన చేత్తోనే పీకి మార్చి అంటించాడు.

ఆ తేట ట్యూబు అడుగున ఇసుకరేణువులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. చిన్నసారు నోరు తెరిచాడు. తెరిస్తే ఉంగరం సంగతి బయటపడుతుంది. నగల మీద ఉపన్యాసం ఇంకా చెవుల్లోనే ఉంది. మళ్ళీ నోరు మూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం ధైర్యం చేసి ఉంటే ఊరు ఊరంతా బురదలో దిగేది కాదు. కానీ అత్తగారి ఉంగరం కరిగించినవాడికి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

చల్లారిన ట్యూబుల్లోంచి తలా కాస్త తీసి, లోహాలు కొలిచే మెషీనుకు అందించారు. ఆ మెషీను అడిగినవీ అడగనివీ అన్నీ చెబుతుంది. పచ్చది పెట్టేసరికి అంకె పట్టక గీతలు చూపించింది. నీళ్ళు కలిపి పెట్టారు, మళ్ళీ గీతలే. పల్చన చేసి, ఇంకా పల్చన చేసి పెడితే ఎట్టకేలకు అంకె వచ్చింది. బంగారం. చిటికెడు ఇసుకలో వచ్చిందాన్ని కిలోకు లెక్కగట్టి చూసిన పెద్దసారు మొహం వెలిగిపోయింది.

"కిలో ఇసుకలో రెండు కిలోల బంగారం," అన్నాడు బొంగురుపోయిన గొంతుతో.

"సార్, కిలో ఇసుకలో రెండు కిలోలు ఎలా పడతాయి సార్?"

"పట్టవు. అందుకే ఇది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు." పెద్దసారు కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇన్నేళ్ళుగా సీసం, రాగి, సీసం, రాగి. ఒక్కడైనా మన రిపోర్టు చదివి బాగుందన్నాడా? ఇవాళ చదువుతారు."

ఈ సంగతి మున్సిపాలిటీ చైర్మనుకు మాత్రమే, అదీ పరమ రహస్యంగా చెప్పాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఒక చేతిలో ట్యూబు ఉంది. రెండో చెయ్యి ఎందుకో జేబులోంచి తీయడం ఇష్టం లేదు. అందుకని చిన్నసారు చేత నంబరు నొక్కించి, ఫోను బల్ల మీద పెట్టించి, మోచేత్తో స్పీకరు నొక్కి, ఉన్నంత గొంతుతో ఆ రహస్యం చెప్పాడు. తలుపు తీసే ఉంది. వరండాలో చీపురు శబ్దం ఆగిపోయింది. గేటు దగ్గర ఎవరో సైకిలెక్కిన చప్పుడయింది.

చిన్నసారు కిటికీలోంచి చూస్తుండగానే చెరువు దగ్గర జనం మొదలయ్యారు. ముందు తట్టలు, బకెట్లు వచ్చాయి. తర్వాత ముగ్గురు మనుషులు ఒక స్నానాల తొట్టిని మోసుకొచ్చారు. పక్క ఆసుపత్రి నర్సు టీ వడగట్టే జాలీతో మెట్ల దగ్గర కూర్చుంది. ల్యాబు జల్లెళ్ళు చూద్దామంటే మేకులకు ఒక్కటీ లేదు. వాటిని పట్టే మనిషి, ల్యాబులో అందరూ జల్లెడక్క అని పిలిచే పెద్దావిడ, మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, రోజూ ఆఫీసులో చూపించని హుషారుతో జల్లిస్తోంది. ఆవిడ పక్కనే ఉన్న మనిషిని చూసి చిన్నసారు తల పట్టుకున్నాడు. వాడు కంసాలి.

పెద్దసారు ట్యూబు పట్టుకుని చెరువు మెట్ల మీదికి బయల్దేరాడు. ట్యూబు వెంట చిన్నసారు బయల్దేరాడు. ఎక్కడైనా కాలు జారితే ట్యూబును తను పట్టుకోవాలి, పెద్దసారు సంగతి తర్వాత. మెట్ల మీద ఆయన ఒంటిచేత్తో ట్యూబు పైకెత్తి, "క్రమశిక్షణ పాటించండి, శాంపిలు తీసిన చోట తొక్కకండి," అని అరుస్తున్నాడు. జనం సరిగ్గా ఆ చోటే తొక్కుతున్నారు.

అప్పుడు కనబడ్డారు, గట్టు మీద భార్య, వెనక అత్తగారు.

"కంసాలి కొట్టు మూసేసుంది," అంది భార్య దగ్గరికొచ్చి. "చెరువులో బంగారం పడిందని అందరూ ఇటే వస్తుంటే మేమూ వచ్చాం. ఉంగరమేది?"

చిన్నసారు భార్య వైపు చూడలేదు. అత్తగారి వైపు చూశాడు. ఆవిడ కళ్ళలో అనుమానమే లేదు. అదే అతన్ని చంపేసింది. "అత్తయ్యా, మీ ఉంగరం ఆ ట్యూబులో ఉంది," అన్నాడు పెద్దసారు చేతిని చూపిస్తూ. "నేనే పెట్టాను. యాసిడ్ పోశారు. కరిగిపోయింది. చెరువులో బంగారం లేదు, ఏమీ లేదు. ఆ ఉన్నదంతా మీదే."

 అత్తగారు ఆ పచ్చటి నీళ్ళను చాలాసేపు చూసింది. "మీ మామగారు కొనేటప్పుడు అడిగారు, ఇది అరుగుతుందా అని," అంది. "ఎంత వాడినా అరగదండీ అన్నాడు కొట్టువాడు."

"మళ్ళీ చేయిస్తాను అత్తయ్యా. బంగారం ఎక్కడికీ పోలేదు, తీయొచ్చు. నన్ను క్షమించండి." 

"చెప్పావు కదా బాబూ. మర్చిపోయానని ఏదో ఒకటి చెబుతావనుకున్నా." ఆవిడ కళ్ళు తుడుచుకుని, చెప్పులు విడిచి, మెట్లు దిగి, నేరుగా పెద్దసారు ముందుకెళ్ళి చెయ్యి చాచింది. "ఏవండీ, ఆ సీసా ఇటివ్వండి. అది నా ఉంగరం."

"అమ్మా, ఇది చెరువు ఆస్తి," అన్నాడు పెద్దసారు. "దీనికీ మీకూ సంబంధం లేదు."

సరిగ్గా అప్పుడే గట్టు మీద ఒక రిక్షా ఆగింది. దిగింది పెద్దసారు భార్య, అందరూ మేడంగారు అనే ఆవిడ. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. గొంతు పెంచదు. పెంచకపోయినా ఆమడ దూరంలో ఉన్న పాత విద్యార్థులు కూడా లేచి నిలబడతారు. బురదలో ఉన్నవాళ్ళలో కొందరు అప్పుడే నిలబడ్డారు. ఆవిడ అరచేతిలో ఒక ఉంగరం ఉంది. సన్నటి తీగ, మధ్యలో ఎర్రరాయి.

"పొద్దున్న మీ కళ్ళద్దాలు ఇవ్వడానికి ల్యాబుకొస్తే, సారు ఉంగరం అని మీ జల్లెడక్క ఇది చేతిలో పెట్టింది," అంది భర్తతో. "ఇంటికెళ్ళి చూస్తే ఆడవాళ్ళది. ఎవరిదో కనుక్కుందామని వచ్చాను. నాకేం తొందర లేదు, ఆలోచించుకుని చెప్పండి."

"అది నాది," అంది అత్తగారు.

 మేడంగారు అత్తగారిని పైనుంచి కిందికి చూసి, భర్త వైపు తిరిగింది. పెద్దసారు మొహంలో రక్తం లేదు. "ఈవిడెవరో నాకు తెలీదే. ఇందాక ట్యూబు నాదంది, ఇప్పుడు ఉంగరం నాదంటోంది. చెరువు కూడా నాదే అంటుందేమో."

"సార్, ఈవిడ మా అత్తగారు," అన్నాడు చిన్నసారు. "ఆ ఉంగరం నేనే బ్లాంక్‌లో పెట్టాను." జల్లెడక్క కోసం చూస్తే, ఆవిడ జల్లెడ వెనక మొహం దాచుకుంటోంది. "అక్కా, అసలేం జరిగింది?"

"ఖాళీగా ఉంది కదా, కడుగుదామని చివరి ట్యూబు బోర్లించాను చిన్నసారూ. దాన్లోంచి ఇది పడింది. మీ వేలికి ఉంగరం నేనెప్పుడూ చూళ్ళేదు. ల్యాబులో రోజూ ఉంగరం తీసి దాన్లో పెట్టేది పెద్దసారే. నగలొద్దని నోటీసు రాసినాయన కదా, అడిగితే బాగోదని మేడంగారికిచ్చేశా. ఎర్రరాయి చూసి, ఈ వయసులో సారుకిదేం సరదా అనుకున్నా గానీ, పెద్దవాళ్ళ సంగతి మనకెందుకులే అనుకున్నా."

అత్తగారు అప్పటికే మేడంగారి చేతిలోంచి ఉంగరం తీసుకుని రాయిని కొంగుతో తుడుస్తోంది. రాయి మెరుస్తోంది, చెక్కుచెదరలేదు. మామగారిని ఎవరూ మోసం చెయ్యలేదు. చిన్నసారుకు ప్రాణం లేచొచ్చింది. ఆ లేచొచ్చిన ప్రాణంతో పాటే ఒక ఆలోచన కూడా వచ్చింది. అత్తగారి ఉంగరం ఇక్కడుంటే, ఆ ట్యూబులో కరిగిందేమిటి?

మేడంగారు లెక్కల మనిషి. ఆవిడకు ఆ ఆలోచన ముందే వచ్చింది. "అది ఈవిడదైతే, మీదేదీ?" అంది. "చెయ్యి చూపించండి."

పెద్దసారు ట్యూబున్న చెయ్యి చూపించాడు.

"అది కాదు."

ఆ రోజు మొట్టమొదటిసారి పెద్దసారు ఎడమచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. ఉంగరపు వేలి మీద పెళ్ళినాటి నుంచి ఎండ తగలని తెల్లటి చార తప్ప ఏమీ లేదు. "చెబుదామనే అనుకున్నా," అన్నాడు నీళ్ళు నములుతూ. "పొద్దుటి నుంచి కనబడటం లేదు. చేతులు కడుక్కునేచోట జారిపోయిందేమోనని..."

"చివరిసారి ఎప్పుడు తీశారు?"

"యాసిడ్ పోసేముందు. నియమం ఉంది కదా. చేతికి తొడుగు వేసుకోవాలి, ఫోనొచ్చింది, ఉంగరం తీసి..."

"తీసి ఎక్కడ పెట్టారు?"

పెద్దసారు కుడిచేతిలో ఉన్న ట్యూబు వైపు మెల్లగా తల తిప్పాడు. అందులో ఆయన పెళ్ళి పచ్చగా, తేటగా, అడుగున కాస్త తెల్లటి మడ్డితో నిలబడి ఉంది. మేడంగారు కూడా చూసింది. కాసేపటికి ఆవిడ పెదవుల చివర ఏదో కదిలింది. అది నవ్వో కోపమో పెద్దసారు ఇన్నేళ్ళ కాపురంలోనూ పోల్చుకోలేకపోయాడు.

"ఇలా ఇవ్వండి," అని ట్యూబు అందుకుని చిన్నసారు చేతికిచ్చింది. "నువ్వు దీన్ని మళ్ళీ బయటికి తీయగలవా, బాబూ?"

"మొత్తం తీస్తాను మేడం. ఒక్క రవ్వ పోనివ్వను."

ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ పెద్దసారు నిజాయితీ గల మనిషి. మెట్ల మీద నిలబడి, చెరువులో బంగారం లేదని, కనబడ్డదంతా తన ఉంగరమేనని పెద్ద గొంతుతో ఒప్పుకున్నాడు. బురదలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత పెద్ద అధికారి ఇంత సిగ్గుమాలిన అబద్ధం ఆడుతున్నాడంటే లోపల ఎంత బంగారం ఉండాలో వాళ్ళకు అప్పుడర్థమైంది. రెట్టింపు ఊపుతో తవ్వారు. చీకటి పడేలోగా ఎన్నో ఏళ్ళుగా పూడిపోయిన చెరువు నున్నగా తేలింది. మున్సిపాలిటీ చైర్మను వచ్చి చూసి, పూడిక తీసే పని ఇంత చవగ్గా ఎవరు చేయించారని ఆరా తీశాడు.

కంసాలిని బురదలోంచి లాగి, కాళ్ళు కడిగించి, కొట్టు తీయించింది చిన్నసారు భార్యే. మర్నాడు అత్తగారు వేలికి ఉంగరంతో బండెక్కింది. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, బండి కదిలేదాకా అల్లుడికి ఆ వేలే చూపించింది. పెద్దసారు బంగారం గోధుమరంగు పొడిగా ట్యూబు అడుగుకు దిగింది, కడిగితే బంగారమే అయింది, ఆయన వేలికి మళ్ళీ ఎక్కింది. చీటీలు ఎవరి స్థానానికి అవి తిరిగొచ్చాయి. ఆ వరస ట్యూబుల రిపోర్టు మాత్రం పెద్దసారు పెట్టిన గట్టి నియమం ప్రకారం, బ్లాంక్‌లో వచ్చినంతా అన్ని ట్యూబుల లెక్కలోంచీ తీసేసి, మైనస్ అంకెలతో, ఆయన సంతకంతోనే వెళ్ళింది. దాని ప్రకారం ఇవాళ్టికీ ఆ చెరువు, కిలో ఇసుకకు రెండు కిలోల చొప్పున, పెద్దసారుకు బంగారం బాకీ ఉంది.